బెర్లిన్‌లో రెండు ఉద్యోగాల మధ్య కాలం: తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీలు మనుషుల్ని తగ్గించిన ప్రతిసారీ బెర్లిన్‌లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు తిరిగి వస్తాయి. మొదట వీసా గురించి, ఆ వెంటనే భృతి గురించి అడుగుతారు. కొన్ని రోజులు గడిచాక కొందరు మొహమాటపడుతూ విడిగా ఫోను చేసి అసలు సంగతి అడుగుతారు. పొద్దస్తమానం ఇంట్లో ఉండలేకపోతున్నాం, బయటికి వెళితే తప్పు చేస్తున్నట్టుంది, ఏం చేయాలి అని. నేనూ ఈ ఊళ్లో అలాంటి కాలం గడిపాను. ఈ జవాబులు ముఖ్యంగా వాళ్ల కోసమే. కాగితాల సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే అది తేలకపోతే ఏ చెరువు గట్టున కూర్చున్నా మనసు నిలవదు.

ఉద్యోగం పోయిందని తెలిసిన రోజున మొదట ఏం చేయాలి?

నోటీసు కాగితం మీద వచ్చిందో లేదో చూసుకోండి. జర్మనీ చట్టం ప్రకారం తొలగింపు నోటీసు కాగితం మీద, చేతి సంతకంతో ఉండాలి. ఈమెయిలులో పంపినా, ఫోనులో చెప్పినా చెల్లదు. ఆ కాగితం అందిన నాటి నుంచి మూడు వారాల్లోగా కార్మిక న్యాయస్థానంలో సవాలు చేయాలి, ఆ తర్వాత దాదాపు దారులన్నీ మూసుకుపోతాయి. పరస్పర అంగీకారంతో విడిపోదామంటూ కంపెనీ ఒప్పంద పత్రం ముందు పెడితే అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని కార్మిక చట్టం తెలిసిన న్యాయవాదికి చూపించండి. అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టినా, సరైన కారణం లేకుండా మీ అంతట మీరే రాజీనామా చేసినా, నిరుద్యోగ భృతి 12 వారాలు ఆగిపోవచ్చు.

రెండో పని, ఆగెంటూర్ ఫ్యూర్ ఆర్బైట్ అనే ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు. ఉద్యోగం ముగియడానికి మూడు నెలల ముందే చేయాలి. అంత వ్యవధి లేకపోతే, విషయం తెలిసిన మూడు రోజుల్లోగా చేయాలి. ఆలస్యమైతే ఒక వారం భృతి పోతుంది. ఇది పని వెతుక్కుంటున్నానని చెప్పే నమోదు మాత్రమే. ఉద్యోగం లేని మొదటి రోజుకల్లా నిరుద్యోగిగా ఇంకోసారి నమోదు చేసుకోవాలి. రెండూ ఒకటే అనుకుని రెండోదాన్ని వదిలేసేవారు ఎప్పుడూ ఉంటారు. భృతి లెక్క మొదలయ్యేది ఆ రెండో నమోదు నుంచే.

వీసా ఏమవుతుంది? వెంటనే దేశం విడిచి వెళ్లాలా?

వెళ్లనక్కరలేదు. ఉద్యోగం పోగానే బ్లూ కార్డు, అంటే చదువుకున్న విదేశీ నిపుణులకు ఇచ్చే నివాస అనుమతి, దానంతట అదే రద్దు కాదు. అయితే ఉద్యోగం ముందుగానే ముగిసిందని తెలిసిన రెండు వారాల్లోగా విదేశీయుల కార్యాలయానికి మీరే తెలియజేయాలి. కంపెనీ చెబుతుందిలే అని ఊరుకోవద్దు, వాళ్ల బాధ్యత వేరు, మీ బాధ్యత వేరు. యూరోపియన్ యూనియన్ బ్లూ కార్డు నిబంధనల్లో, కార్డు వచ్చి రెండేళ్లు నిండని వారికి మూడు నెలల వరకు, రెండేళ్లు దాటిన వారికి ఆరు నెలల వరకు నిరుద్యోగ కాలం ఉన్నంత మాత్రాన కార్డు వెనక్కి తీసుకోకూడదని ఉంది. కార్యాలయం నుంచి వచ్చే ఉత్తరంలో మీకిచ్చిన గడువు ఉంటుంది. ఇంట్లో కనబడే చోట దాన్ని అతికించుకోండి. భయపెట్టుకోవడానికి కాదు, తేదీ తెలిస్తే దానికి ముందున్న రోజులు మీవని తెలుస్తుంది.

భృతి ఎంత వస్తుంది? తీసుకుంటే వీసాకు ఇబ్బందా?

గత 30 నెలల్లో కనీసం 12 నెలలు బీమా చెల్లించి ఉంటే భృతికి అర్హులు. 12 నెలల చెల్లింపుకు ఆరు నెలలు, 24 నెలల చెల్లింపుకు పన్నెండు నెలలు వస్తుంది. మొత్తం, మునుపు చేతికి వచ్చిన జీతంలో సుమారు 60 శాతం. పిల్లలుంటే 67 శాతం. ఆ కాలంలో ఆరోగ్య బీమా చెల్లింపు కూడా ఉపాధి కార్యాలయమే చూసుకుంటుంది.

మనవాళ్లలో కొందరు దీన్ని ప్రభుత్వం దగ్గర చేయి చాచడంగా భావించి దరఖాస్తే పెట్టరు. నాకు చాలా బాధ కలిగించే సంగతి ఇది. మీ జీతం చీటీలో ప్రతి నెలా దీనికోసం కోత పడింది. ఇది మీ బీమా, మీ హక్కు. చెల్లింపుల మీద వచ్చే ఈ భృతి వీసాకు అడ్డు రాదు. అడ్డు వచ్చే అవకాశం ఉన్నది సంక్షేమ పథకం కింద ఇచ్చే వేరే సాయం. దానికి దరఖాస్తు పెట్టే ముందు తప్పకుండా సలహా తీసుకోండి.

భృతి తీసుకుంటూ పగటిపూట సరదాగా తిరగడం తప్పు కాదా?

తప్పు కాదు. చట్టం మిమ్మల్ని కోరేది ఇది: ఉద్యోగం వెతకాలి, ఉపాధి కార్యాలయం పంపే సమాచారం అందుకునేలా ఉండాలి, పిలిస్తే వెళ్లగలగాలి. పొద్దున మూడు గంటలు శ్రద్ధగా దరఖాస్తులు రాసి మధ్యాహ్నం పార్కుకు వెళ్లినవారు ఈ మూడింట్లో దేన్నీ మీరలేదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా నా అభిప్రాయం గట్టిదే. రోజుకు పది గంటలు ఉద్యోగ ప్రకటనల ముందు కూర్చుంటే నాలుగో గంట నుంచి రాసే దరఖాస్తులు నాసిగా ఉంటాయి. ఇంటర్వ్యూలో ఆ అలసట గొంతులో వినబడుతుంది. పైగా, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఈ ఊరిని మీరు చూసింది చీకటి పడ్డాక, లేదంటే జనం కిక్కిరిసిన శనివారాల్లో. మంగళవారం పదకొండు గంటలకు బెర్లిన్ ఎలా ఉంటుందో చాలామంది ఉద్యోగులకు తెలియదు. తాతలు బెంచీల మీద పేపరు చదువుతుంటారు, మార్కెట్లో అమ్మేవాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది, మ్యూజియంలో ఒక బొమ్మ ముందు మీరు ఒక్కరే నిలబడవచ్చు.

ఈ సమయంలో ఇండియా వెళ్లి రావచ్చా?

వెళ్లవచ్చు, కానీ టికెట్ కొనే ముందు ఉపాధి కార్యాలయం అనుమతి తీసుకోవాలి. అనుమతితో ఏడాదికి మూడు వారాల వరకు ఊరు విడిచి వెళ్లినా భృతి ఆగదు. నిరుద్యోగం మొదలైన తొలి మూడు నెలల్లో సాధారణంగా అనుమతి ఇవ్వడానికి ఇష్టపడరు. ఇంట్లో పెళ్లి, అనారోగ్యం వంటి కారణాలుంటే వివరంగా రాయండి. చెప్పకుండా వెళితే ఆ రోజుల భృతి తిరిగి కట్టించుకుంటారు.

డబ్బు ఖర్చు పెట్టకుండా పగలు కూర్చోవడానికి మంచి చోటు ఏది?

గ్రంథాలయం. హలెషెస్ టోర్ స్టేషన్ పక్కనే అమెరికా స్మారక గ్రంథాలయం ఉంది. 1954లో తెరిచారు. లోపలికి వెళ్లడానికి, కూర్చోవడానికి రుసుము లేదు. పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వ కార్డు కావాలి, అదే కార్డు నగరంలోని ప్రజా గ్రంథాలయాలన్నింటా పనిచేస్తుంది. పుస్తకాలే కాదు, సంగీత స్వర లిపులు, సినిమాలు, పిల్లల ఆట వస్తువులు కూడా అరువిస్తారు.

ఇంకాస్త నిశ్శబ్దం కావాలంటే పోట్స్‌డామర్ వీధిలోని రాష్ట్ర గ్రంథాలయానికి వెళ్లండి. వాస్తుశిల్పి హన్స్ షరూన్ రూపకల్పన, 1978లో తెరుచుకుంది. మెట్లు మెట్లుగా ఎదిగే విశాలమైన చదువు గది, పైకప్పు నుంచి గుండ్రని దీపాల వెలుగు. అందరూ తలవంచుకుని పని చేసుకుంటుంటే మనకూ చేయి సాగుతుంది. ఉద్యోగం లేనప్పుడు మనిషికి జీతం కంటే ముందు కరువయ్యేది ఇదే, పక్కవాళ్లు పని చేస్తుండగా తానూ పని చేసుకోవడం. ఇంట్లో వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే అది దొరకదు.

సాయంత్రం నడవడానికి ఎక్కడికి వెళ్లాలి?

ఈ ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబు: టెంపెల్‌హోఫ్ మైదానం.

ఇది ఒకప్పటి విమానాశ్రయం. 1948-49లో పశ్చిమ బెర్లిన్‌ను సోవియట్ సైన్యం దిగ్బంధించినప్పుడు ఆహారమూ బొగ్గూ మోసుకొచ్చిన విమానాల్లో చాలా ఇక్కడే దిగాయి. 2008 అక్టోబరులో విమానాలు ఆగిపోయాయి, 2010 మేలో గేట్లు ప్రజలకు తెరిచారు. ఇళ్లు కడతామని నగర ప్రభుత్వం ముందుకొస్తే, 2014 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వద్దని తీర్పిచ్చారు. మూడు వందల హెక్టార్లకు పైగా ఖాళీ స్థలం, నగరం నడిబొడ్డున, అలాగే మిగిలింది.

గేటు దాటి లోపలికి వెళ్లగానే ముందు తెలిసేది గాలి. అడ్డుకోవడానికి ఏమీ లేక పడమటి నుంచి నేరుగా ముఖానికి కొడుతుంది. రన్‌వే కాంక్రీటు మీద విమానాల కోసం వేసిన తెల్ల గీతలు వెలిసిపోయి ఇంకా ఉన్నాయి, పలకల మధ్య సందుల్లో గడ్డి మొలిచింది. ఆ గీతల మీద చిన్నపిల్లలు సైకిలు నేర్చుకుంటుంటారు. గాలి బాగా ఉన్న రోజుల్లో చక్రాల పలక మీద నిలబడి తెరచాప పట్టుకుని దూసుకుపోయేవాళ్లు, గాలిపటాలు ఎగరేసేవాళ్లు వస్తారు. సంక్రాంతికి తెచ్చుకున్న గాలిపటం మీ అటక మీద ఉంటే దాని సమయం వచ్చినట్టే. వసంతంలో గడ్డిలో భరతపక్షులు గూడు పెడతాయి, అందుకని కొంత భాగానికి తాడు కట్టి లోపలికి వెళ్లనివ్వరు. పక్షి మాత్రం కంటికి ఆనదు. తలెత్తి చూస్తే నీలాకాశమే కనిపిస్తుంది, ఎక్కడో పైనుంచి ఆగకుండా కూత వినిపిస్తూనే ఉంటుంది.

చుట్టూ తిరిగితే ఆరు కిలోమీటర్లకు పైనే. తూర్పు వైపు 2011 నుంచి జనం కలిసి పెంచుకునే తోటలున్నాయి, పాత చెక్కపెట్టెల్లో మట్టి పోసి కూరగాయలు వేస్తారు. అక్కడ పని చేసుకుంటున్నవారిని పలకరించండి, చేతి సాయానికి కాదనరు. గేట్లు సూర్యోదయానికి తెరిచి చీకటి పడేవేళ మూసేస్తారు.

వేసవిలో ఈత సంగతి?

నగర రైలు ఎక్కి అరగంటలో చెరువు చేరవచ్చు. ష్లాఖ్టెన్‌జే స్టేషన్ దిగితే నీళ్లు ఎదురుగా కనిపిస్తాయి, చుట్టూ చెట్ల నీడలో నడక దారి ఉంది. క్రుమ్మె లాంకె అనే ఇంకో చెరువు దాని పక్కనే. వాన్‌జేలో 1907 నుంచి ఉన్న ఇసుక తీరం ఉంది, దానికి టికెట్ తీసుకోవాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈత రానివారు, బాగా రానివారు, కాపలాదారు లేని చెరువులో దిగవద్దు. గట్టు దగ్గర నడుము లోతు ఉండి, రెండడుగులు వేయగానే నేల జారిపోతుంది. పైన ఎండ ఉన్నా లోపల నీరు ఒళ్లు బిగుసుకుపోయేంత చల్లగా ఉంటుంది. విదేశాల్లో చెరువుల్లో మునిగిపోయిన మన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఊళ్లో ఈత కొలనులు చాలా ఉన్నాయి, పెద్దలకు మొదటి నుంచి నేర్పే తరగతులూ ఉన్నాయి. ఈ ఖాళీ సమయంలో నేర్చుకోవలసినది ఒక్కటే చెప్పమంటే ఈత అంటాను.

మ్యూజియాలు, కచేరీలు ఖరీదైనవి కదా?

కొన్ని ఖరీదే. భృతి మంజూరు పత్రం వెంట ఉంచుకుంటే ప్రభుత్వ మ్యూజియాల్లో సగం ధరకే టికెట్ దొరుకుతుంది. టికెట్ కిటికీ దగ్గర ఆ కాగితం తీయడానికి సంకోచించకండి, అక్కడి వాళ్లు రోజూ చూసేదే. బెర్నావర్ వీధిలోని బెర్లిన్ గోడ స్మారకం, నాజీల పోలీసు యంత్రాంగం నడిచిన స్థలంలో ఉన్న టోపోగ్రఫీ డెస్ టెరర్స్ అనే ప్రదర్శనశాల, రెండింటికీ రుసుము లేదు. పార్లమెంటు భవనం మీది గాజు గోపురం ఎక్కడానికీ డబ్బు అక్కరలేదు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు.

ఉద్యోగస్తులకు అందని భాగ్యం ఒకటుంది. బెర్లిన్ ఫిల్‌హార్మొనీ భవనంలో సెప్టెంబరు నుంచి వేసవి దాకా వారం మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఉచిత కచేరీ జరుగుతుంది. పెద్ద హాలులో కాదు, ముందరి వసారాలో. జనం మెట్ల మీద, నేల మీద కూర్చుంటారు. పాశ్చాత్య సంగీతం అలవాటు లేకపోయినా వెళ్లండి. రెండు గజాల దూరంలో ఒక మనిషి వయొలిన్ వాయిస్తుంటే రికార్డులో వినబడని విల్లు రాపిడి, వాయించేవారి ఊపిరి కూడా వినబడతాయి. మన దేశపు కార్యక్రమాలు కావాలంటే టీర్‌గార్టెన్ వీధిలోని భారత రాయబార కార్యాలయంలో టాగూర్ సెంటర్ ఉంది.

తక్కువ ఖర్చుతో ఊరు దాటి ఎక్కడికి వెళ్లవచ్చు?

డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసు ఉంటే దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, బస్సులు, మెట్రోలు ఎక్కవచ్చు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. వేగంగా వెళ్లే ఐసీఈ రైళ్లకు పనికిరాదు. నెల పదో తేదీలోగా చెబితే ఆ నెలాఖరుకు ఆపేసుకోవచ్చు, కాబట్టి ఎండాకాలం ఉంచుకుని అక్కర తీరాక ఆపేయండి.

పోట్స్‌డామ్ అందరూ వెళతారు. ఫ్రెడరిక్ రాజు 1745-47 మధ్య కట్టించుకున్న సాన్‌సూసీ భవనం, దాని ముందు మెట్లు మెట్లుగా ద్రాక్ష తోట. పక్కనే రాజు సమాధి, దాని మీద ఎప్పుడూ కొన్ని బంగాళాదుంపలుంటాయి. తన ప్రష్యా రాజ్యంలో బంగాళాదుంప సాగును ప్రోత్సహించినందుకు వచ్చినవాళ్లు పెట్టి వెళతారు.

ష్ప్రేవాల్డ్‌కు లుబ్బెనావ్ స్టేషన్‌లో దిగాలి, రైలులో గంట పైచిలుకు. కోనసీమ కాలువలు చూసినవారికి చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది. ఇళ్ల ముందు నీళ్లు, నీళ్లలో గడ కర్రతో నడిపే బల్లకట్టు పడవలు. లేడె అనే పల్లెకు వేసవి నెలల్లో ఇప్పటికీ పడవ మీదే ఉత్తరాలు వస్తాయి, 1897 నుంచి ఇదే పద్ధతి. ఆవాలు, సోయికూర వేసి ఊరబెట్టిన దోసకాయలు వీధి వీధినా అమ్ముతారు. ఊరగాయ తెలిసిన నాలుకకు అవి మొదట చప్పగా అనిపిస్తాయి, రెండో కాయకు రుచి తెలుస్తుంది.

మూడో చోటికి చాలా తక్కువమంది వెళతారు. బెర్లిన్‌కు దక్షిణాన వున్స్‌డోర్ఫ్‌లో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అర్ధచంద్ర శిబిరం అనే ఖైదీల శిబిరం ఉండేది. బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడి పట్టుబడిన భారతీయ సైనికులను అక్కడ ఉంచారు. జర్మనీ పండితులు వాళ్ల చేత పాడించి, కథలు చెప్పించి రికార్డు చేశారు, ఆ గొంతులు ఇప్పటికీ హంబోల్ట్ విశ్వవిద్యాలయం శబ్ద భాండాగారంలో ఉన్నాయి. చలికి, జబ్బులకు అక్కడే చనిపోయినవారిని పక్కనున్న జేరెన్స్‌డోర్ఫ్‌లో పూడ్చిపెట్టారు. భారతీయ శ్మశానం అనే పేరుతో 206 సమాధులున్నాయి. 1994లో రష్యా సైన్యం ఖాళీ చేసి వెళ్లేవరకు అది మామూలు జనం అడుగుపెట్టలేని సైనిక ప్రాంతం. ఇప్పుడు పైన్ చెట్ల మధ్య తెల్లరాళ్లు శుభ్రంగా నిలబడి ఉన్నాయి, పేరు, రెజిమెంటు, తేదీ. మనకంటే వందేళ్ల ముందు, తమ ఇష్టంతో కాకుండా, ఈ నేల మీద రోజులు లెక్కపెట్టుకున్నవాళ్లు. పువ్వులు తీసుకెళ్లండి, అక్కడ దొరకవు.

వంట సంగతి? ఖర్చు తగ్గించుకుంటూ మన తిండి తినగలమా?

సమయం ఉన్నప్పుడే మన తిండి చవక. బయట తినడం మానేస్తే సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది. లిఖ్టెన్‌బెర్గ్‌లోని డాంగ్ జువాన్ సెంటర్ వియత్నాం వాళ్ల టోకు బజారు. కొత్తిమీర, పచ్చిమిర్చి, ఆకుకూరలు, పెద్ద బియ్యం బస్తాలు చూసి కొనుక్కోవచ్చు. మంగళవారం సెలవు. ఆ మంగళవారమే మాయ్‌బాఖ్ కాలువ గట్టున టర్కీ సంత ఉంటుంది, శుక్రవారం కూడా. సాయంత్రం మూసే వేళకు వెళితే వంకాయలు, టమాటాలు, మెంతికూర పెట్టెల లెక్కన బాగా తగ్గించి ఇచ్చేస్తారు. పండుమిర్చి పెట్టె దొరికిన రోజు ఇంట్లో పచ్చడి రోజు.

పుల్లకూరల కోసం బెంగపడేవారికి ఒక సలహా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రతి కూరగాయల దుకాణంలో రుబార్బ్ కాడలు కట్టలుగా వస్తాయి. ఎర్రగా, సెలరీ కాడంత లావుగా ఉంటాయి. జర్మన్లు చక్కెర వేసి కేకుల్లో పెడతారు. మనం పప్పులో వేద్దాం. ఆకులు మాత్రం పూర్తిగా తీసి పారేయాలి, అవి విషం. కాడ పైన నార లాగేసి అంగుళం ముక్కలు కోయండి. కందిపప్పు విడిగా మెత్తగా ఉడకనివ్వండి. ఇంకో గిన్నెలో నాలుగు పచ్చిమిర్చి చీల్చి, పసుపు, ఉప్పు, ముక్కలు వేసి కాసిని నీళ్లతో మూత పెడితే ఐదారు నిమిషాల్లో ముక్క కరిగి గుజ్జవుతుంది. పప్పులో కలిపి, నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, ఇంగువ తాలింపు పెట్టండి. గోంగూర కాదు, చుక్కకూర కాదు, కానీ అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకోగానే దవడ దగ్గర ఆ పులుపు పట్టేస్తుంది. జూన్ 24తో కోతలు ఆపేయడం ఆనవాయితీ, కాబట్టి జూన్ నడిమిలో నాలుగు కట్టలు కోసి ఫ్రీజరులో పెట్టుకోండి.

తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరవండి, పొగ పసిగట్టే అలారం నెత్తి మీదే ఉంటుంది.

ఆదివారం ఊరంతా మూతపడుతుంది. ఒంటరివాళ్లు ఏం చేయాలి?

శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. మరిచిపోతే ప్రధాన రైల్వే స్టేషన్‌లో దుకాణాలు ఆదివారమూ తెరిచి ఉంటాయి. ఆ రోజు గోడకు మేకులు కొట్టడం, డ్రిల్లు పెట్టడం నిషిద్ధం. ఇడ్లీ పిండి మిక్సీ కూడా శనివారం సాయంత్రమే కానివ్వండి, రాత్రి పది దాటకుండా.

ఒంటరిగా అనిపిస్తే మావర్ పార్కుకు వెళ్లండి. పాత సామాను సంత నిండా జనం. బ్రిట్జ్‌లో శ్రీలంక తమిళులు కట్టుకున్న మయూరపతి మురుగన్ కోవెల ఉంది. భాష రాకపోయినా కొబ్బరికాయ పగిలిన చప్పుడు, విభూతి వాసన చాలు, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మనిషి తేలికపడతాడు.

జర్మన్ నేర్చుకోవడానికి ఇదే సమయమా?

ఇదే. పన్నెండు పేటల్లోనూ ఫోక్స్‌హోఖ్‌షూలె అనే ప్రజా విద్యాలయాలున్నాయి. ప్రైవేటు బడుల కంటే రుసుము బాగా తక్కువ, భృతి పొందేవారికి తగ్గింపు అడగండి. బ్లూ కార్డుతో ఉద్యోగం చేస్తున్నవారికి జర్మన్‌లో ఏ1 అనే మొదటి స్థాయితో 27 నెలలకు శాశ్వత నివాసం దొరికితే, బీ1 అనే మధ్య స్థాయితో 21 నెలలకే దొరుకుతుంది. గ్రంథాలయాల్లో ఉచిత సంభాషణ సమావేశాలు జరుగుతాయి. తప్పులు మాట్లాడటానికి అంతకంటే మంచి చోటు లేదు, బల్ల చుట్టూ అందరూ మనలాంటివాళ్లే.

ఖాళీగా ఉండలేను. చిన్న పని ఏదైనా చేయవచ్చా?

భృతి కొనసాగాలంటే పని వారానికి 15 గంటల లోపే ఉండాలి, మొదలుపెట్టకముందే చెప్పాలి. నెలకు 165 యూరోలు మించిన సంపాదన భృతిలోంచి తగ్గిస్తారు. మీ అనుమతి కార్డు షరతులు ఆ పనిని ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోండి. సొంతంగా ఫ్రీలాన్స్ పనికి సాధారణంగా విడిగా అనుమతి కావాలి.

జీతం లేని సేవకు దారి సులువు. 1993లో మొదలైన బెర్లినర్ టాఫెల్ దుకాణాల్లో మిగిలిన ఆహారాన్ని సేకరించి అవసరమున్నవారికి అందిస్తుంది, కూరగాయలు ఏరి సర్దడానికి ఎప్పుడూ చేతులు కావాలి. వారంలో ఒకరోజు ఫలానా వేళకు మీకోసం ఎవరో ఎదురుచూస్తున్నారన్న సంగతి, ఉద్యోగం లేనప్పుడు ఎంత బలమో చేసి చూస్తేనే తెలుస్తుంది.

ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పాలా?

చెప్పమనే నా సలహా. దాచినవారు రోజూ ఫోనులో ఆఫీసు కబుర్లు అల్లాలి, మీటింగు ఉందని ఫోను త్వరగా పెట్టేయాలి. అండగా నిలిచేవారికే దూరమవుతారు. అయితే చెప్పే తీరు ముఖ్యం. "ఉద్యోగం పోయింది" అని ఆపేస్తే వాళ్ల ఊహ ఎక్కడెక్కడికో పోతుంది. "ఉద్యోగం పోయింది నాన్నా, ఇన్ని నెలలు బీమా డబ్బు వస్తుంది, ఫలానా తేదీ దాకా ఉండటానికి అనుమతి ఉంది, ఆసుపత్రి ఖర్చుకు బీమా ఉంది" అని ఒక్క గుక్కలో చెప్పండి. ఇంటి పెద్దకు అంకెలు కావాలి. అమ్మకు తిన్నావా లేదా అన్నది కావాలి, రుబార్బ్ పప్పు ఫోటో పంపండి.

వేసవిలో ఇక్కడికీ అక్కడికీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. ఇన్నాళ్లు రాత్రి హడావుడిగా చేసిన ఫోను ఇప్పుడు వాళ్ల మధ్యాహ్నం భోజనాల వేళకు చేయవచ్చు.

చలికాలంలో ఉద్యోగం పోతే?

కష్టమే, అందంగా చెప్పి లాభం లేదు. డిసెంబరులో పొద్దున ఎనిమిది దాటాక తెల్లవారి సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. పన్నెండింటికి లేచేవాళ్లకు మిగిలేది నాలుగు గంటల వెలుతురు. అందుకని ఒకటే నియమం పెట్టుకోండి: వాన పడినా మంచు పడినా పదకొండుకల్లా ఇంటి బయట ఉండాలి. దరఖాస్తులు చీకటి పడ్డాక రాయండి.

నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, బతకడం ఎందుకనిపించినా ఆలస్యం చేయకండి. టెలిఫోన్‌జేల్‌జోర్గె అనే సహాయ లైను 0800 1110111 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, మాట్లాడేది జర్మన్‌లో. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితిలో 112. తెలుగులో మాట్లాడాలనిపిస్తే ఏ వేళ అయినా స్నేహితుణ్ణి లేపండి.

భార్యకో భర్తకో ఉద్యోగం ఉండి, నేను ఇంట్లో ఉంటే?

పనుల పంపకం మొదటి వారంలోనే మాట్లాడుకోండి. ఇంట్లో ఉన్నవారి మీదే మొత్తం పడితే ఉద్యోగం వెతకడానికి సమయం మిగలదు, అసలేమీ చేయకపోతే రెండో నెలకు ఇంట్లో మాటలు ఆగిపోతాయి. బెర్లిన్‌లో బాలవాడి రుసుము 2018 నుంచి లేదు, భోజనానికి నెలకు 23 యూరోలే. కాబట్టి ఖర్చు తగ్గుతుందని పిల్లల్ని మాన్పించకండి, దొరికిన సీటు మళ్లీ వెంటనే దొరకకపోవచ్చు.

కొత్త ఉద్యోగం ఖాయమైంది. ఇక ఏం చేయాలి?

చేరే తేదీని వెంటనే ఉపాధి కార్యాలయానికి తెలియజేయండి, లేకపోతే ఎక్కువగా వచ్చిన భృతి వెనక్కి కట్టాలి. బ్లూ కార్డుతో మొదటి ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండకపోతే, ఉద్యోగం మారుతున్నట్టు విదేశీయుల కార్యాలయానికీ రాయాలి. వాళ్లు పరిశీలనకు 30 రోజుల వరకు ఆపవచ్చు.

చేరే తేదీ దగ్గర తొందరపడకండి. ఇక్కడ ఒప్పందాలు సాధారణంగా నెల ఒకటో తేదీ నుంచి మొదలవుతాయి, రేపే రమ్మని ఎవరూ అనరు. వచ్చే నెలకు బదులు ఆ పై నెల అడిగితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. కానీ ఆలస్యం మీరు కోరిందైతే ఆ రోజుల భృతిపై ప్రభావం ఉండవచ్చు, ముందే అడిగి తెలుసుకోండి. సంతకం అయ్యాక మిగిలిన ఆ రెండు మూడు వారాలు దరఖాస్తుల బరువు లేని రోజులు. డాయిచ్‌లాండ్ టికెట్ ఆపేయాలనుకుంటే ఈ నెల పదో తేదీకి కాదు, వచ్చే నెల పదో తేదీకి చెప్పండి.